ఖాళీగా కనిపించిన గంట నిజంగా ఖాళీయేనా? ఆఫీసు పనిలో గూగుల్ క్యాలెండర్

ఉమ్మడి క్యాలెండర్ మంచిదా కాదా అని తేల్చడానికి నాకు తెలిసిన పరీక్ష ఒకటే. సహోద్యోగి పేరు కింద మధ్యాహ్నం మూడింటి నుంచి నాలుగింటి దాకా గడి తెల్లగా కనిపిస్తే, ఆ గంటలో ఆ మనిషి నిజంగా ఖాళీగా ఉన్నట్టేనా? ఔనని నమ్మగలిగితే ఎవరినీ అడగకుండా సమావేశం పెట్టేయవచ్చు. నమ్మలేకపోతే పదిమందికీ మెయిళ్ళు పంపి, వచ్చిన జవాబులన్నిటినీ ఒకచోట పేర్చుకుని, ఆఖరి జవాబు అందేసరికి మొదటివారి వీలు మారిపోయిందని తెలుసుకునే పాత పద్ధతే గతి. పన్నెండుమంది ఉన్న బృందానికి సమావేశాలు కుదిర్చే పని మూడేళ్ళుగా నా మీద ఉంది. మేము వాడేది గూగుల్ క్యాలెండర్, అదీ సంస్థ ఖాతాతో. ఈ సమీక్షలో దాని సదుపాయాలన్నిటినీ ఏకరువు పెట్టను. ఆ తెల్లగడిని నమ్మదగినదిగా చేయడంలో అది ఎంతవరకు పనికొచ్చిందో మాత్రమే చెబుతాను.

గూగుల్ ఈ క్యాలెండర్‌ను 2006 ఏప్రిల్‌లో బీటాగా, అంటే ప్రయోగ దశలో, విడుదల చేసింది, 2009లో బీటా ముద్ర తొలగించింది. అయితే క్యాలెండర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష అంతకంటే పాతది. ఐక్యాలెండర్ అనే ప్రమాణం 1998లోనే వచ్చింది, 2009లో దాన్ని సవరించారు. మెయిల్‌తో పాటు వచ్చే ఐసీఎస్ ఫైలు ఆ ప్రమాణం ప్రకారం రాసినదే. మైక్రోసాఫ్ట్ వారి ఔట్‌లుక్ వాడే కక్షిదారు పంపిన ఆహ్వానం మన గూగుల్ క్యాలెండర్‌లో సరైన గడిలో కూర్చోవడం, మనం ఇక్కడ ‘వస్తాను’ అని నొక్కితే అక్కడ తెలియడం దాని చలవే. బయటి సంస్థలతో రోజూ పని ఉన్నవారు ఏ క్యాలెండర్ ఎంచుకున్నా మునిగిపోరు అని నేను ధైర్యంగా చెప్పడానికి కారణం ఇదే. తేడా అంతా సంస్థ లోపల, ఒకరి సమయం ఇంకొకరికి కనిపించే తీరులో ఉంటుంది.

మొదటి ఆరు నెలల్లో మేము చేసిన పొరపాట్లలో ఎక్కువ భాగం సెలవుల దగ్గరే జరిగాయి. సెలవు తీసుకునేవారు ఆ తేదీ మీద ‘సెలవు’ అని రోజంతా ఉండే ఎంట్రీ ఒకటి రాసేసి, తమ బాధ్యత తీరిందనుకునేవారు. మర్నాడు చూస్తే ఆ రోజుకే మూడు మీటింగులు వచ్చి పడి ఉండేవి. ఎందుకంటే రోజంతా అనే టిక్కు పెట్టినప్పుడు ఆ ఎంట్రీ మామూలుగా ‘బిజీ’గా కాక ‘ఫ్రీ’గా నమోదవుతుంది. ఆలోచిస్తే అందులో తర్కం లేకపోలేదు. ఒక తేదీ మీద ‘నివేదికకు ఆఖరి రోజు’ అని రాసుకున్నంత మాత్రాన ఆ రోజు మనిషి ఎవరికీ దొరకడని కాదు కదా. సెలవు విషయంలో మాత్రం అదే ఏర్పాటు అర్థాన్ని తలకిందులు చేస్తుంది: పేరు చదివితే లేనట్టు, వెతుకులాటలో చూస్తే ఉన్నట్టు. సమావేశం పెట్టేవారు పన్నెండు పేర్లు ఒకేసారి చేర్చి ఖాళీ గంట కోసం చూస్తారే తప్ప ఒక్కొక్కరి తేదీ పైన చిన్న అక్షరాలతో ఏం రాసి ఉందో చదవరు. ఆ గడి చేతితో ‘బిజీ’గా మార్చాలని మాలో సగం మందికి తెలియదు, తెలిసిన సగం మందికి గుర్తుండదు. తప్పు మాదే అయినా, అంత సులువుగా జరిగే తప్పుకు ఒక మంచి మందు అదే క్యాలెండర్‌లో ఉన్నట్టు మేము ఆలస్యంగా కనుక్కున్నాం.

ఆ మందు పేరు ‘ఔట్ ఆఫ్ ఆఫీస్’. మామూలు ఎంట్రీకి బదులు ఈ రకం ఎంట్రీ పెడితే, ఆ సమయంలో వచ్చే ఆహ్వానాలను క్యాలెండరే మర్యాదగా తిప్పి పంపుతుంది. కొత్తగా వచ్చేవాటిని మాత్రమే తిరస్కరించాలా, ఇప్పటికే ఒప్పుకున్నవాటిని కూడానా అని అడుగుతుంది. తిరస్కరణతో పాటు వెళ్ళవలసిన సందేశాన్ని మనమే రాసుకోవచ్చు. సెలవు మీద ఉన్న మనిషి ఫోన్ తెరిచి ‘నేను లేను’ అని చెప్పుకోవలసిన అవసరం పోయింది. ఈ సమీక్ష చదివి ఒక్క అలవాటు మార్చుకోదలిస్తే సెలవును ఎప్పుడూ ఈ రూపంలోనే నమోదు చేయండి. దీని తోబుట్టువే ‘ఫోకస్ టైమ్’. ఎవరూ కదిలించకుండా కూర్చుని చేయవలసిన పనికి కొన్ని గంటలు పక్కన పెట్టుకునే ఏర్పాటు ఇది. ఇది కూడా ఆహ్వానాలను తిప్పి పంపగలదు. వచ్చిన కొత్తలో మా సహోద్యోగి ఒకరు సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున్నుంచి సాయంత్రం వరకు ఫోకస్ టైమ్‌తో నింపేశారు. రెండు వారాలు ఆయన క్యాలెండర్ కోటలా కనిపించింది. మూడో వారం నుంచి అందరూ ఆయనకు నేరుగా ఫోన్ చేయడం మొదలుపెట్టారు. అబద్ధపు ఖాళీ ఎంత చేటో అబద్ధపు తీరికలేమి కూడా అంతే చేటని ఆయనా ఒప్పుకుని, రోజుకు రెండు గంటలకు కుదించుకున్నారు. ఇప్పుడు ఆ రెండు గంటల జోలికి ఎవరూ వెళ్ళరు.

పని వేళలు పెట్టుకునే వీలు కూడా ఉంది. ఆ వేళలు దాటి ఎవరైనా ఆహ్వానం పంపబోతే పంపేవారికి హెచ్చరిక కనిపిస్తుంది. ఆపదు, హెచ్చరిస్తుంది అంతే, కాని చాలాసార్లు అది చాలు. ఇంటి నుంచి పని చేస్తున్నామో ఆఫీసులో ఉన్నామో తెలిపే ‘వర్కింగ్ లొకేషన్’ కూడా ఇలాంటిదే. గది కావాలో, వీడియో కాల్ సరిపోతుందో ముందే తేల్చుకోవడానికి పనికొస్తుంది. ఈ సదుపాయాలన్నీ సంస్థ ఖాతాలకు ఉద్దేశించినవని, సొంత జీమెయిల్ ఖాతాతో చిన్న బృందాన్ని నడుపుకునేవారికి వీటిలో కొన్ని దొరకవని గమనించాలి.

ఇక ఎవరికి ఎంత కనిపించాలన్న ప్రశ్న. గూగుల్ క్యాలెండర్‌ను పంచుకోవడానికి నాలుగు మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టులో ఖాళీయా బిజీయా అన్నది మాత్రమే కనిపిస్తుంది. రెండో మెట్టులో వివరాలు కూడా చదవవచ్చు. మూడో మెట్టు దక్కినవారు ఎంట్రీలను మార్చగలరు, నాలుగోది దక్కినవారు మార్చడమే కాక ఇతరులకు పంచే అధికారం కూడా పొందుతారు. చాలా బృందాలు ఈ మెట్ల గురించి ఆలోచించకుండా, అందరికీ అన్నీ కనిపించాలనో, ఎవరికీ ఏదీ కనిపించకూడదనో ఒక కొసకు వెళతాయి. మేము సంస్థ మొత్తానికి మొదటి మెట్టు, బృందంలోని వారికి రెండో మెట్టు ఇచ్చాం. మూడో మెట్టు అధికారి తరఫున సమావేశాలు చూసే ఒక్కరికే ఉంది, నాలుగోది ఎవరికీ ఇవ్వలేదు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఒక ఎంట్రీని ‘ప్రైవేట్’ అని గుర్తిస్తే మొదటి రెండు మెట్లవారికి దాని వివరాలు కనిపించవు గాని, మార్చే అధికారం ఉన్నవారికి కనిపిస్తాయి. అంటే అధికారి వైద్యుడి దగ్గరకు వెళ్ళే సంగతి ఆయన ప్రైవేట్ అని పెట్టుకున్నా, ఆయన క్యాలెండర్ చూసుకునే సహాయకుడు చదవగలడు. అలాగే, క్యాలెండర్‌ను వేరే సాఫ్ట్‌వేర్‌లో చూసుకోవడానికి ఇచ్చే ఐక్యాల్ రహస్య చిరునామా పేరుకే రహస్యం. ఆ లింకు చేతికి దొరికిన ఎవరైనా క్యాలెండర్ చూడగలరు. లింకు ఎక్కడో బయటపడిందన్న అనుమానం వస్తే దాన్ని రద్దు చేసి కొత్తది తీసుకునే బటన్ సెట్టింగ్స్‌లో ఉంది.

సమావేశానికి సమయం వెతికే తీరు ఈ సాధనంలో అన్నిటికంటే బాగా పనిచేసే భాగం. ఆహ్వానం రాసే పేజీలోనే ‘ఫైండ్ ఎ టైమ్’ అనే ట్యాబు ఉంటుంది. పేర్లు చేర్చిన కొద్దీ ఒక్కొక్కరి రోజు ఒక్కో నిలువు పట్టీగా పక్కపక్కన పరుచుకుంటుంది. ఏడుగురి దాకా కంటితో చూసి ఖాళీ పట్టుకోవచ్చు. అంతకు మించితే అది సూచించే సమయాలను నమ్ముకోవడం మేలు. ఆ సూచనలు ఎంత బాగుంటాయన్నది మళ్ళీ తెల్లగడి ఎంత నిజమన్న దాని మీదే ఆధారపడుతుంది. ఆహ్వానం అందుకున్నవారు ఔను, కాదు, చూడాలి అని మూడు రకాలుగా జవాబివ్వవచ్చు, జవాబుతో పాటు ఒక వాక్యం రాయవచ్చు, వేరే సమయం ప్రతిపాదించవచ్చు. ఈ చివరి సదుపాయాన్ని ఎక్కువమంది వాడరు. ‘కాదు’ అని నొక్కి ఊరుకుంటే పిలిచినవారికి మళ్ళీ మొదటి నుంచి వెతుకులాట తప్పదు. వేరే సమయం చూపిస్తే ఒక్క నొక్కుతో పని పూర్తవుతుంది. అసలు జవాబే ఇవ్వనివారి సంగతి సరేసరి. జవాబివ్వని ఆహ్వానం కూడా గడిని ఆక్రమించుకునే ఉంటుంది కాబట్టి వారు రారు, ఆ గంటను ఇంకెవరూ వాడుకోలేరు.

పిలిచేవారి బాధ్యత కూడా తక్కువేమీ కాదు. ‘చిన్న మాట’ అనే పేరుతో, లోపల ఒక్క వాక్యం కూడా లేకుండా వచ్చిన గంట సేపటి ఆహ్వానాన్ని ఒప్పుకోవాలో వద్దో ఎవరు మాత్రం తేల్చగలరు? వివరాల పెట్టెలో తేల్చవలసిన విషయం రాసి, చదవవలసిన పత్రాన్ని జతచేస్తే, మీటింగు మొదటి పది నిమిషాలు ‘ఇంతకీ ఎందుకు కూర్చున్నాం’ అన్న ప్రశ్నకు ఖర్చు కావు. అతిథుల, అంటే ఆహ్వానం అందుకున్నవారి, అధికారాల దగ్గర కూడా ఒకసారి చూసుకోవాలి. డిఫాల్ట్‌గా అతిథులు ఎంట్రీని మార్చలేరు గాని ఇతరులను పిలవగలరు, అతిథుల జాబితా చూడగలరు. ఒకే ఉద్యోగానికి వచ్చిన అభ్యర్థులనో, పోటీలో ఉన్న ఇద్దరు సరఫరాదారులనో ఒకే ఆహ్వానంలో చేర్చేవారు ఆ రెండో టిక్కు తీసేయడం మరచిపోతే ఒకరి పేరు ఇంకొకరికి తెలిసిపోతుంది.

క్యాలెండర్‌ను చెత్తకుప్పగా మార్చేవి వారంవారం జరిగే మీటింగులు. ఒకసారి పెట్టినది ఎప్పుడు ముగియాలో చెప్పకపోతే అలా సాగుతూనే ఉంటుంది. ఎప్పుడో ముగిసిన ప్రాజెక్టు పేరుతో ప్రతి బుధవారం ఒక గంట, దానితో పాటు ఒక గది, ఎవరూ రాకపోయినా బుక్కయి ఉండటం మా దగ్గర ఏడాదికి పైగా సాగింది. పిలిచినవారికి రద్దు చేయడం మొహమాటం, మిగతావారికి అది తమ పని కాదన్న భావన. ఇప్పుడు మా బృందంలో ఏ వారపు మీటింగుకైనా ముగింపు తేదీ మూడు నెలలకు మించి పెట్టకూడదన్న నియమం ఉంది. గడువు వచ్చినప్పుడు అవసరమైతే మళ్ళీ పెట్టుకుంటారు. అవసరం లేనిది ఎవరి మొహమాటంతోనూ పని లేకుండా దానంతటదే పోతుంది. మార్పులు చేసేటప్పుడు క్యాలెండర్ అడిగే ప్రశ్నను కూడా చదివి జవాబివ్వాలి. ఈ ఒక్క రోజుదా, ఈ రోజు నుంచి ఇకపై అన్నీనా, మొత్తం అన్నీనా అని అది అడుగుతుంది. తొందరలో మూడోది ఎంచుకుంటే ఆ మార్పు జరిగిపోయిన సమావేశాలకు కూడా పాకుతుంది. ఎప్పుడు కలిశామో వెనక్కి వెళ్ళి చూసుకునేవారికి పాత లెక్క చెడిపోతుంది. రెండోది ఎంచుకుంటే పాత వరుస అక్కడితో ముగిసి కొత్త వరుస మొదలవుతుంది, చరిత్ర చెదరదు. ఆ తరువాత మార్పు గురించి అతిథులకు మెయిలు పంపాలా అని ఇంకో ప్రశ్న వస్తుంది. ‘వద్దు’ అంటే వారి క్యాలెండర్‌లో గడి మారుతుంది, వారికి మాత్రం కబురు అందదు. పొద్దున్నే క్యాలెండర్ చూసుకుని బయలుదేరిన మనిషికి మధ్యాహ్నం మారిన గంట ఎలా తెలుస్తుంది? అక్షర దోషం దిద్దినప్పుడు తప్ప మిగతా ఏ మార్పుకైనా మెయిలు పంపించడమే సరి. పొరపాటున తొలగించినది మాత్రం 30 రోజుల దాకా ట్రాష్‌లో ఉంటుంది, తిరిగి తెచ్చుకోవచ్చు.

దూరదేశాలలో సహోద్యోగులున్నవారికి టైమ్ జోన్ సంగతి వేరే చెప్పాలి. గడియారాల తేడాను క్యాలెండర్ తనే లెక్కగట్టి ఎవరి స్థానిక సమయం వారికి చూపిస్తుంది, పక్కన రెండో టైమ్ జోన్ గీత కూడా పెట్టుకోవచ్చు. అయినా ఏటా మార్చిలో గందరగోళం తప్పదు, దానికి కారణం క్యాలెండర్ కాదు. అమెరికాలో గడియారాలను మార్చి రెండో ఆదివారం ముందుకు జరుపుతారు, బ్రిటన్‌లోనూ యూరప్‌లోనూ మార్చి ఆఖరి ఆదివారం జరుపుతారు. న్యూయార్క్ ఉదయం తొమ్మిది గంటలకు నిర్ణయించిన వారపు సమావేశం లండన్‌లో సాధారణంగా మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. ఆ రెండు మూడు వారాలు మాత్రం ఒంటిగంటకే వస్తుంది. అక్టోబరు ఆఖరి ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా ఇంకో వారం ఇదే తంతు. గడియారాలు మార్చని దేశాలలో ఉన్నవారికి అదే మీటింగు ఏడాదికి రెండుసార్లు గంట అటూ ఇటూ జరుగుతుంది. అందుకే సమావేశం పెట్టేటప్పుడు అది ఏ ఊరి గడియారానికి కట్టుబడి ఉండాలో ఆలోచించి ఆ టైమ్ జోన్‌నే ఎంచుకోవాలి. క్యాలెండర్ ఎంత సరిగ్గా లెక్కగట్టినా, మారిన గంట ఇంకో పనితో ఢీకొంటుందో లేదో చూసుకోవలసింది మనమే.

కొత్త మీటింగు మామూలుగా గంట నిడివితో తెరుచుకుంటుంది, తెరుచుకున్నది గంటే సాగుతుంది. సెట్టింగ్స్‌లో దీన్ని అరగంటకు మార్చుకోవచ్చు. ‘స్పీడీ మీటింగ్స్’ అనే టిక్కు పెడితే అరగంటది 5 నిమిషాలు, గంటది 10 నిమిషాలు ముందే ముగిసేలా ఎంట్రీ తయారవుతుంది. వరుసగా మూడు సమావేశాలు ఉన్న రోజు మంచినీళ్ళు తాగడానికి దొరికే సమయం అదే. క్యాలెండర్ నిడివి తగ్గించినా మాటలు తగ్గవు కదా అని నవ్వినవారు మాలోనే ఉన్నారు; నిజమే, సమావేశాలు యాభైయ్యో నిమిషానికి ఠంచనుగా ఆగవు. కానీ తరువాతి మీటింగు ఆలస్యంగా మొదలవడం మాత్రం బాగా తగ్గింది.

బృందానికి సంబంధించిన తేదీలను ఒకరి సొంత క్యాలెండర్‌లో పెట్టడం మేము చేసిన ఇంకో తెలివితక్కువ పని. ఆ మనిషి ఉద్యోగం మానేశారు, ఖాతా తీసేశారు, ఆయన పిలిచిన వారపు సమావేశాలు మాత్రం అందరి క్యాలెండర్లలో యజమాని లేని ఎంట్రీలుగా మిగిలాయి. ఒక్కొక్కరూ తమ వైపు నుంచి తొలగించుకోవలసి వచ్చింది. సమావేశాన్ని ఇంకొకరి పేరుకు మార్చే ‘చేంజ్ ఓనర్’ అనే సదుపాయం ఉందని, కొత్తవారు మెయిల్‌లో అంగీకరిస్తే చాలునని అప్పటికి మాకు తెలియదు. అది ఖాతా తీసేయక ముందే జరగాలి. గడువులు, సెలవులు, విడుదల తేదీలు వంటివాటికి ఇప్పుడు వేరుగా బృందం పేరుతోనే క్యాలెండర్ ఉంది, దాన్ని నిర్వహించే అధికారం ఎప్పుడూ ఇద్దరికి తక్కువ కాకుండా చూస్తాం.

ఔట్‌లుక్‌తో పోలిస్తే గూగుల్ వెనుకబడిన చోటు ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది, అది నా తెల్లగడి ప్రశ్నకే చెందినది. ఔట్‌లుక్‌లో ఒక ఎంట్రీని ఖాళీ, వేరేచోట పనిలో, తాత్కాలికం, బిజీ, ఆఫీసులో లేను అని అయిదు రకాలుగా గుర్తించవచ్చు. గూగుల్‌లో మామూలు ఎంట్రీకి ఫ్రీ, బిజీ అనే రెండే ఉన్నాయి. ఖాయం కాని పనులు ఆఫీసులో ఎన్ని ఉంటాయి! కక్షిదారు వస్తే కలవాలి, రాకపోతే ఖాళీ. అలాంటి గంటను బిజీ అంటే వృథా, ఫ్రీ అంటే ప్రమాదం. మేము పేరుకు ముందు ప్రశ్నార్థకం పెట్టి బిజీ అని ఉంచుతున్నాం, కావాలనుకున్నవారు వచ్చి అడుగుతారు. ఇది సాధనం చేయవలసిన పనిని మనం చేయడమే. ఎదురు సౌలభ్యమేమిటంటే గూగుల్‌లో నేర్చుకోవలసినది తక్కువ, కొత్తగా చేరినవారు ఒక పూటలో అలవాటు పడతారు.

ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. అలవాటైన సదుపాయాలు మాయమవుతుంటాయి. సొంత లక్ష్యాలకు క్యాలెండరే ఖాళీ వెతికి పెట్టే ‘గోల్స్’ 2016లో వచ్చి 2022లో పోయింది. రిమైండర్లను 2023లో టాస్క్స్ అనే చేయవలసిన పనుల జాబితాలో కలిపేశారు. కలపడంలో తప్పు లేదు గాని, టాస్క్ అనేది సొంత జాబితా, మామూలుగా రాసుకుంటే పక్కవారికి కనిపించదు. నిజంగా రెండు గంటలు పట్టే పనిని టాస్క్‌గా రాసుకుని, ఆ గంటలను తమవే అనుకుని, తీరా అందులో మీటింగు వచ్చి పడితే విసుక్కునేవారిని నేను ప్రతి నెలా చూస్తుంటాను. సమయం కావాలంటే ఎంట్రీ రాయడమే మేలు.

బయటి క్యాలెండర్‌ను లింకు ద్వారా చేర్చుకునేవారు, అక్కడ జరిగిన మార్పు ఇక్కడ కనిపించడానికి 12 గంటల దాకా పట్టవచ్చని గుర్తుంచుకోవాలి. ఈ రోజు మధ్యాహ్నం మారిన సమయం కోసం దాని మీద ఆధారపడకూడదు.

మా బృందంలో పెద్దవారు ఒకరు ఇప్పటికీ కాగితపు డైరీయే వాడతారు. ఆయన అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, ఆ డైరీలో ఒక్క పొరపాటు కూడా దొరకదు. క్యాలెండర్ తెరిస్తే మాత్రం వారమంతా ఆయన పట్టీ తెల్లగా ఉంటుంది. అది ఖాళీ అని ఎవరూ నమ్మరు, ముందు ఫోన్ చేసి అడుగుతారు. ఆయన డైరీ తెరిచి, వేలితో గీత వెంట వెళ్ళి, ‘మూడింటికి కుదరదమ్మా, నాలుగున్నరకు రా’ అంటారు. అప్పుడు నేను ఆ గంటను ఆయన పేరు మీద నమోదు చేస్తాను.